గేటు దగ్గర మనమే సర్కారు

2023 ఏప్రిల్ 1న సైబరాబాద్ పోలీసులు ఒక అరెస్టు వివరాలు బయటపెట్టారు. ఫరీదాబాద్‌లో ఒకతను వెబ్‌సైట్ పెట్టుకుని జనం వివరాలు అమ్ముతున్నాడు. అతని దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం దొరికిందని పోలీసులు చెప్పారు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలు, 104 రకాల జాబితాలు. క్యాబ్ ఎక్కేవాళ్లది ఒకటి, నెలజీతగాళ్లది ఒకటి, విద్యార్థులది ఒకటి, జీఎస్టీ కట్టేవాళ్లది ఒకటి. కొద్దిరోజుల ముందే, మార్చిలో, ఇదే కమిషనరేట్ 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న మరో ముఠాను పట్టుకుంది.

కోట్లలో చెబితే ఎవరికీ పట్టదు. అందులో మీ వంతు ఒక్క వరస ఊహించుకోండి. పేరు, ఫోన్ నంబరు, కంపెనీ, సుమారుగా జీతం, ఉండే ఏరియా. ఈ అయిదింటిలో ఎప్పుడో ఒకప్పుడు మీరు నోటితో చెప్పనిది, వేలితో టైపు చేయనిది ఏదైనా ఉందా?

మైండ్‌స్పేస్‌లోనో, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో పనిచేసేవాళ్లకి ఈ విషయంలో నేను నేర్పేది తక్కువే. ఆఫీసులో క్లయింటు డేటాబేస్ తెరవాలంటే ముందు టికెట్ పెట్టాలి. ఎవరికి కావాలి, ఎందుకు కావాలి, ఎన్నాళ్లు కావాలి అని ఫారం అడుగుతుంది. మేనేజర్ అప్రూవ్ చేయాలి. గడువు అయిపోగానే యాక్సెస్ దానంతటదే పోతుంది. అమెరికాలో ఎవరో ముసలాయన బ్యాంకు ఖాతాకి ఇంత మర్యాద చేసిన మనిషే, సాయంత్రం ఏడింటికి షటిల్ దిగి, అయ్యప్ప సొసైటీలో కొత్త హాస్టల్ చూసుకుంటాడు. వార్డెన్ “అన్నా, ఆధార్ వాట్సాప్ చెయ్” అనగానే కార్డు రెండువైపులా ఫొటో తీసి పంపేస్తాడు. ఎవరికి పంపాడు? పేరు కూడా అడగలేదు. ఎన్నాళ్లకి? ఆ ఫొటో ఆ ఫోన్‌లో ఉంటుంది, దాని బ్యాకప్‌లో ఉంటుంది, వార్డెన్ ఉద్యోగం మానేస్తే అతనితోపాటే వెళ్లిపోతుంది.

ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్లు. ఆఫీసు ఫారంలోని ఈ మూడు గళ్లనీ ఐడీ కార్డుతోపాటు మెడలోంచి తీసి డ్రాయర్‌లో పెట్టేయకుండా బయటికి కూడా తెచ్చుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు ఆధార్ సంగతి. దిగినవాళ్లు ఎవరో తెలిసుండాలి కాబట్టి హాస్టల్‌వాళ్లు గుర్తింపు అడగడంలో తప్పులేదు. కానీ గుర్తింపు చూపించాలంటే పన్నెండు అంకెలూ అప్పజెప్పక్కర్లేదు. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ ఇవ్వక తప్పదంటే కాపీ మీద అడ్డంగా, ఫొటో మీదుగా పోయేలా పెన్నుతో రాయండి: “ఫలానా హాస్టల్‌లో చేరడానికి మాత్రమే”, కింద తేదీ, సంతకం. ఆ కాగితం ఇంకెక్కడైనా తేలితే ఏ చేతి నుంచి జారిందో తెలుస్తుంది.

జిరాక్స్ షాపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మాదాపూర్ సందుల్లో ఏ షాపుకైనా వెళ్లి కౌంటర్ మీద కంప్యూటర్ తెర చూడండి. వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది. ఎడమవైపు పేర్లు లేని నంబర్ల వరస, ఒక్కోదాని కింద ఒక పీడీఎఫ్: పాన్ కార్డు, ఆఫర్ లెటర్, రెంటల్ అగ్రిమెంటు. మీ ముందున్నవాడి పేస్లిప్ మీకు కనిపిస్తోందంటే, మీ వెనకున్నవాడికి మీది కనిపిస్తుంది. ప్రింటు చేతికి రాగానే “అన్నా, అది డిలీట్ కొట్టు” అని అక్కడే నిలబడండి. ఎవరూ ఏమీ అనుకోరు. షాపతనికీ ఫోన్‌లో జాగా మిగులుతుంది.

ఈ విషయంలో సర్కారుకే ఒక మాట మీద నిలకడ లేదు. ఆధార్ జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ కాపీ వాడండి అని 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు కార్యాలయం ప్రకటన ఇచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకునే వీలుందని 29న కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్న ఆ సలహానే పాటించమని నా మాట.

అంకెల కంటే వేలిముద్ర ఇంకా చిక్కు. 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటిమీది వేలిముద్రల్ని రబ్బరు స్టాంపుల్లా పోసి, జనం పేర్లమీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది అభియోగం. అతను అంత కష్టపడింది అమ్మకాల టార్గెట్ కోసం! దస్తావేజు మీద ముద్ర వేసిన రైతుకి ఆ కాగితం వెబ్‌సైట్ ఎక్కుతుందని ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా వేయనని అనే వీలు లేదు. మీకు ఉన్న వీలు మాత్రం వాడుకోండి. ఉడాయ్ సైట్‌లోగానీ ఎంఆధార్ యాప్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే మీరు తెరిచేదాకా వేలిముద్రతో ఏ పనీ జరగదు. ఊళ్లో అమ్మానాన్నల కార్డుకి ఇదే చేసేముందు మాత్రం ఆగండి. రేషన్ షాపులోనో పింఛను దగ్గరో వేలు పెట్టాల్సిన రోజున లాక్ తీసే చెయ్యి దగ్గర లేకపోతే వాళ్లకి బియ్యం ఆగిపోతుంది.

మీ పేరుమీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఈ సదుపాయం 2021లో మొదట వచ్చింది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. మీది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టండి.

మాల్స్‌లో బిల్లింగ్ దగ్గర నంబరు ఇవ్వాలన్న రూలేమీ లేదు. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు చెప్పింది. “నంబర్ లేకపోతే సిస్టమ్ తీసుకోదు సార్” అని కౌంటర్ పిల్లాడు అంటే అతనితో వాదన పెట్టుకోకండి, ఆ సిస్టమ్ రాసింది అతను కాదు. “మీ స్టోర్ నంబరే కొట్టండి” అనండి. కొడతారు.

ఈ చిన్నచిన్న కాదనడాలతో ఒరిగేదేముందని అడగొచ్చు. 2020 డిసెంబరు గుర్తు చేసుకోండి. ఫోన్‌లో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు అప్పటికే ఊరంతా పాకాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు, గ్యాలరీ అన్నిటికీ ‘అలో’ నొక్కించుకునేవి. వాయిదా తప్పగానే ఆఫీసు టీమ్ లీడ్‌కి, పిన్నికి, ఇంటర్ క్లాస్‌మేట్‌కి ఫోన్లు. ఫొటోకి అసభ్యమైన మార్పులు చేసి వాట్సాప్‌లో పంపడం. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారిలో సైబరాబాద్ పరిధిలో ఉంటున్న ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టి ఇక్కడా గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి: అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్, ఫొటోల జోలికి పోకూడదు.

ఇక్కడ మనం చూడాల్సిన వరస ఒకటుంది. ముందు ఇళ్లలో చావులు, తర్వాత స్టేషన్‌లో ఫిర్యాదులు, ఆ తర్వాత ఢిల్లీలో, ముంబయిలో రూలు. ఫిర్యాదు చేయకుండా పరువు పోతుందని ఊరుకున్నవాళ్లే ఎక్కువమంది అయ్యుంటే ఆ రూలు ఇంకెన్నాళ్లకి వచ్చేదో. అందుకే డబ్బు పోయినా, బెదిరింపు వచ్చినా, సిగ్గు పక్కనపెట్టి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోయిన కేసుల్లో మొదటి గంటే కీలకం, ఆ డబ్బు ఇంకో ఖాతాకి పాకేలోపు ఆపగలుగుతారు. ఈలోపు ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ తెరిచి కాంటాక్టులు ఏయే యాప్‌లకి ఇచ్చారో చూడండి. టార్చిలైటు యాప్‌కి మీ మేనమామ నంబరుతో పనేమిటి?

కెమెరాల దగ్గరికొస్తే మన ఇష్టం అంతగా సాగదు. ఒకేసారి వందమంది చేరే చోట సీసీ కెమెరా ఉండాలి, రికార్డు 30 రోజులు దాచాలి అని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. తర్వాత ‘నేను సైతం’ పేరుతో కాలనీలవాళ్లే డబ్బులు వేసుకుని కెమెరాలు పెట్టుకున్నారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. దొంగతనం జరిగిన ఇంటివాళ్లనీ, రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్ కోసం నిలబడే అమ్మాయినీ అడగండి, కెమెరా వద్దనరు. నేనూ అనను. కానీ వందమంది చట్టంలో కూడా 30 రోజులన్న గడువు ఒకటి రాసి ఉందని మరిచిపోవద్దు.

గడువు రాయని చోట ఏమవుతుందో చూడండి. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో పోలీసులు ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు. తన ఫొటో తీసేయమని ఆయన నోటీసు పంపారు. జవాబు లేకపోవడంతో ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడకాన్ని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన అడిగిందీ మన మూడు గళ్లే.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినప్పుడు సర్కారుకి పెట్టిన పరీక్ష కూడా దాదాపు ఇదే: చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, ఆ కారణానికి సరిపడినంతే తీసుకోవాలి. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మనకి పరాయివారేమీ కాదు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కి అధ్యక్షుడిగా పనిచేసిన మనిషే.

“నేనేం తప్పు చేయలేదు, చూసుకోనీ” అనేవాళ్లు మన ఆఫీసుల్లోనే ఎక్కువ. తప్పు చేయకపోయినా తప్పుగా జతపడొచ్చు కదా! రకరకాల శాఖల జాబితాల్ని కలిపి పేర్లు సరిపోల్చే ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ తెలంగాణలో ఉంది. వాహనం ఉందని, ఇల్లుందని కంప్యూటర్ లెక్కతేల్చి రేషన్ కార్డులు తీసేసిందని, నోటీసు కూడా రాలేదని కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రద్దయిన 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. రెండు టేబుల్స్ జాయిన్ చేసేటప్పుడు ఒకే పేరున్నవాళ్లతో ఎన్ని తిప్పలో మీకు తెలుసు. టెస్టింగ్‌లో అయితే అది ఒక బగ్. బయట అది ఒక ఇంటి బియ్యం.

దాచేవాళ్లు పోలీసులైనా సరే, పోగుపడిన సమాచారం కారే ప్రమాదం ఉంటుంది. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల సొంత ‘హాక్ ఐ’ యాప్ వివరాలే బయటికి పొక్కాయి. వాటిని ఆన్‌లైన్‌లో 150 డాలర్లకు అమ్మకానికి పెట్టిన కుర్రాణ్ని పట్టుకున్నారు. అవసరం తీరాక చెరిపేసిన సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు.

ఇంతవరకు మనం ఇచ్చేవాళ్లం, అడిగేవాళ్లు ఎవరో. ఇప్పుడు నల్లగండ్లలోనో, నార్సింగిలోనో, కోకాపేటలోనో మీ గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గరికి రండి. ఇక్కడ అడిగేవాళ్లం మనమే.

మధ్యాహ్నం ఒంటిగంట. బిర్యానీ పొట్లంతో డెలివరీ అబ్బాయి వచ్చాడు. సెక్యూరిటీ అతని నంబరు అడిగి, ట్యాబ్ పైకెత్తి, “హెల్మెట్ తీయ్” అని ఫొటో కొట్టాడు. యాప్‌లో మీకు నోటిఫికేషన్, మీరు మీటింగ్‌లోంచే ‘అప్రూవ్’ నొక్కారు. మూడు క్షణాల పని. ఆ అబ్బాయి ఫొటో, నంబరు, బండి నంబరు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఒక పూటలో అతను దాటే గేట్లన్నిటిలోనూ ఇదే తంతు. ‘వద్దు’ అంటే బిర్యానీ చల్లారిపోతుంది, అతని రేటింగ్ పడిపోతుంది. అతనికి ‘అలో’ బటన్ ఉంది గానీ ‘డోంట్ అలో’ బటన్ లేదు.

ఇంట్లో పనిచేసే ఆమె సంగతి ఇంకా పెద్దది. పొద్దున్నే గేటులో ముఖం చూపించాలి. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, ఏయే ఫ్లాట్లలో చేస్తుంది, ఎవరు ఎన్ని చుక్కలు వేశారు, అన్నీ చాలా కమ్యూనిటీల్లో ప్రతి ఫ్లాటు యజమాని ఫోన్‌లోనూ కనిపిస్తాయి. నాలుగు వందల ఇళ్లకి ఆమె దినచర్య తెలుసు. సాయంత్రం వెళ్లేటప్పుడు సంచి కూడా తెరిచి చూపించాలి. ఆమె ఎప్పుడూ అడగదు గానీ, ‘నా ఫొటో ఎవరి దగ్గరుందమ్మా, మానేశాక తీసేస్తారా?’ అని అడిగితే మీ దగ్గర జవాబుందా? మీ పేస్లిప్, మీ లాగిన్ టైమింగ్స్, మీ అప్రైజల్ రేటింగ్ లిఫ్టులో అతికిస్తే ఊరుకుంటారా?

ఇక సొసైటీ వాట్సాప్ గ్రూపు. రాత్రి పదకొండింటికి సీసీ కెమెరా క్లిప్ ఒకటి పడుతుంది: “ఈ మనిషి ఎవరు? జాగ్రత్త.” అరగంటలో అది పక్క కమ్యూనిటీ గ్రూపుకి, అక్కణ్ణుంచి ఏరియా గ్రూపుకి. తెల్లారి చూస్తే బీ బ్లాకువాళ్ల డ్రైవర్ తమ్ముడు, తాళాలు ఇవ్వడానికి వచ్చాడు. తప్పయిందన్న మెసేజ్ మాత్రం క్లిప్ వెళ్లినంత దూరం వెళ్లదు.

సర్కారు మీద మనకున్న ఫిర్యాదులన్నీ ఈ గేటు దగ్గర మన మీద చెప్పుకోవచ్చు. అదీగాక కొత్త చట్టం కూడా అటే వస్తోంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. మీరు ఇంటి అవసరానికి ఫోన్‌లో దాచుకున్న నంబర్లకి అది వర్తించదు. యాప్ పెట్టి జనం వివరాలు పోగుచేసే అసోసియేషన్‌కి అలాంటి మినహాయింపు చెప్పుకోవడం కష్టం. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, పని అయిపోయాక తీసేయాలి, కారిపోకుండా కాపాడాలి. కాపాడటంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయలదాకా ఉండొచ్చు. అంత జరిమానా మీ కమ్యూనిటీకి పడుతుందని నేననను గానీ, మెయింటెనెన్స్ చార్జీల దగ్గర పోట్లాడే ట్రెజరర్‌కి ఆ అంకె చూపిస్తే వింటాడు. ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే పనిచేసే ఆమె తెలుగులో అడగొచ్చు, సెక్యూరిటీ గార్డు ఒడియాలో అడగొచ్చు.

ఇక చేయాల్సింది వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌కి ఎజెండా అంశం పంపడం. పొడుగ్గా రాయకండి. “గేటు యాప్‌లో నమోదయ్యే సందర్శకుల, పనివారల వివరాల గురించి తీర్మానం” అని శీర్షిక పెట్టి ఇంత రాస్తే చాలు: డెలివరీ, క్యాబ్ ఎంట్రీలు 30 రోజుల తర్వాత చెరిపేయాలి. పనివారి రాకపోకలు వాళ్లు పనిచేసే ఫ్లాట్లకే కనిపించాలి, రేటింగ్ తీసేయాలి, మానేసిన నెలలోపు ఫొటో పోవాలి. సీసీ కెమెరా క్లిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, పోలీసులు రాతపూర్వకంగా అడిగితే సెక్రటరీ ఇస్తారు. ఏం తీసుకుంటున్నామో, ఎవర్ని అడగాలో తెలుగులో ఒక బోర్డు గేటు దగ్గర ఉండాలి.

“సెక్యూరిటీ ముఖ్యం కదండీ” అని మొదటి వరసలోంచి ఒకాయన లేస్తారు. ఆయనతో గోప్యత గురించి మాట్లాడకండి, సెక్యూరిటీ గురించే మాట్లాడండి. ఏ ఫ్లాటువాళ్లు ఏ వారం ఊళ్లో లేరో, ఏ పెద్దాయన ఒంటరిగా ఉంటారో ఆ యాప్ లాగ్ చూసిన ఎవరికైనా తెలుస్తుందని చెప్పండి. ఏడాది కిందటి ఎంట్రీతో దొంగని పట్టుకున్న సందర్భం మన దగ్గర ఎప్పుడైనా ఉందా అని అడగండి. “యాప్‌వాళ్లు అలా మార్చరు” అని ఇంకొకరు అంటారు. దానికి సిద్ధంగా ఉండాలంటే మీటింగ్‌కి పదిరోజుల ముందే యాప్ కంపెనీకి మెయిల్ పెట్టండి: మా డేటా ఏ సర్వర్‌లో ఉంది, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరికి చూపిస్తారు, కాంట్రాక్టు ముగిస్తే చెరిపేసినట్టు కాగితం ఇస్తారా? జవాబు వస్తే ప్రింటు తీసుకుని వెళ్లండి, రాకపోతే మీరు పంపిన మెయిలే ప్రింటు తీయండి. కోరం లేదని మీటింగ్ ఎలాగూ అరగంట వాయిదా పడుతుంది. క్లబ్‌హౌస్‌లో టీ తాగుతూ ఆ కాగితం పక్కవాళ్లకి చూపించడానికి అది సరిపోతుంది.